తోంగ్ పిన్ని గాజు పలకలు

నా పేరు జ్యన్‌గాంగ్. ఉక్కును నిర్మించేవాడు అని అర్థం. మా ఊళ్ళో ఈ పేరున్న మగవాళ్ళు తక్కువలో తక్కువ రెండు వందల మంది ఉంటారు. ఆడదాన్ని మాత్రం నేనొక్కదాన్నే అనుకుంటాను. ఏ ఆఫీసులోనైనా పేరు పిలిచాక నేను లేచి నిలబడితే, గుమాస్తా ఒకసారి కాగితం వైపు, ఒకసారి నా వైపు చూస్తాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే తంతు. ఈ పేరు నాకు అంటుకోవడానికి కారణం తోంగ్ షూఛిన్ అనే మనిషి. మా పక్క గదిలో ఉండేది. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమె సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను, కానీ మా అమ్మను పక్కన పెట్టి ఆమె కథ చెప్పడం అయ్యే పని కాదు.

తోంగ్ పిన్ని పద్దెనిమిదో ఏట ఉక్కు ఫ్యాక్టరీలో బేరింగుల షాపులో, అంటే బేరింగులు చేసే విభాగంలో, చేరింది. బల్ల మీద ఉక్కు గోళీలు దొర్లిస్తూ పగులున్నవాటిని ఏరి పక్కన పడేయడం ఆమె పని. వెంట్రుకవాసి గీత ఉన్నా ఆమె కంట పడకుండా పోయేది కాదట. 1970లో ఫ్యాక్టరీ ఆస్పత్రి వాళ్ళు ఒక కొత్త పద్ధతి మొదలుపెడుతూ, రోజంతా మైక్రోస్కోపులో చూసినా అలసిపోని కళ్ళు కావాలని షాపుల్లో అడిగితే, ఫోర్‌మన్ ఆమె పేరు చెప్పాడు. ఆమె చదివింది ఏడో తరగతి. మూడు నెలలు నేర్పించి తెల్లకోటు తొడిగారు.

పద్ధతి చెప్పుకోవడానికి చిన్నదే. కడుపుతో ఉన్న మనిషిని పడుకోబెట్టి, గర్భసంచి ముఖద్వారంలోంచి పెన్సిలు కన్నా సన్నటి గొట్టాన్ని లోపలికి పంపి, సిరంజితో కాస్త లాగుతారు. గోటి మీద పట్టేంత తడి వస్తుంది. దాన్ని గాజు పలక మీద పూసి, రంగు అద్ది, గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి తోంగ్ పిన్ని బల్ల మీదికి జరుపుతారు. పలక మీద పేరు ఉండదు, నంబరు ఉంటుంది. ఆమె ఆ పలక మీది కణాల్లో వంద లెక్కపెట్టాలి. ఆడపిల్ల కణమైతే లోపలి గింజ అంచున ఒక నల్ల చుక్క కనిపిస్తుంది. మగపిల్లాడిదైతే కనిపించదు. ఆడపిల్లకైనా అన్నిట్లోనూ కనిపించదు కాబట్టి, వందలో ఇన్ని దాటితే ఆడ అని ఒక హద్దు పెట్టుకున్నారు. చుక్క ఉంటే ఒక సోయా గింజ ఎడమ గిన్నెలో, లేకపోతే కుడి గిన్నెలో వేస్తూ పోయేది తోంగ్ పిన్ని. కంటి అద్దం మీంచి తల ఎత్తకుండానే చెయ్యి దాని పని అది చేసేది.

ఇంటికి ఇద్దరు చాలు అన్న ప్రచారం అప్పుడే ఊపందుకుంటోంది. కొడుకు కోసం వరసగా కంటూ పోయేవాళ్ళకు ముందే తెలిస్తే కాన్పులు తగ్గుతాయని పైవాళ్ళ ఆలోచన. కాన్పుల సంఖ్య ఎంతన్నది వరసలో నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరికీ పట్టలేదు. ఆడ అని చెబితే తీయించుకునేవాళ్ళు, మగ అని చెబితే మిఠాయిలు పంచేవాళ్ళు. నేను ఇలా రాస్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది, అయినా జరిగింది అదే.

ఆ పద్ధతిలో ఒక లొసుగు ఉంది. గొట్టం లోపలికి సరిగ్గా చేరకపోతే బిడ్డవి కాకుండా తల్లివే కణాలు వస్తాయి. తల్లి ఆడది. ఆమె కణాల్లోనూ చుక్కలుంటాయి. అంటే లోపల మగపిల్లాడున్నా పలక మీద ఆడపిల్లే కనిపిస్తుంది. కొడుకుల కోసం పెట్టిన పద్ధతి, తప్పు చేసినప్పుడు కొడుకుల్నే మింగేది. బిడ్డ కణాలు గుత్తులుగా ఉంటాయనీ, తల్లివి విడివిడిగా పల్చగా ఉంటాయనీ గుర్తు చెప్పారు కానీ, రంగు ముద్దగా పడితే ఆ తేడా తెలియడం కష్టమని తోంగ్ పిన్నే నాతో అంది.

మా అమ్మ గ్వాన్ ఫెంగ్‌షియా, రోలింగ్ షాపులో క్రేన్ నడిపేది. ఎర్రగా కాలిన దిమ్మెల మీదుగా, మూడంతస్తుల ఎత్తున రేకు గూట్లో కూర్చుని పని. నోరు కూడా ఆ ఎత్తు నుంచి మాట్లాడటానికి అలవాటుపడ్డ నోరే. ఇద్దరు అక్కలు పుట్టాక మా నాయనమ్మ రోజూ అన్నం ముందు ఒక నిట్టూర్పు వడ్డించేది. మాదీ తోంగ్ పిన్నిదీ ఒకే నడవా, ఒకే వంటిల్లు. చలికాలానికి క్యాబేజీ ఊరవేసే జాడీ కూడా రెండిళ్ళకూ ఒకటే. పిన్ని భర్త గనిలో పోయాడు, కొడుకు సైన్యంలో ఉండేవాడు. అమ్మ ఆమెను అక్కా అనేది, ఆదివారాలు ఇద్దరూ కలిసి బట్టలు ఉతుక్కునేవాళ్ళు.

1972 చలికాలంలో అమ్మకు మళ్ళీ నెల తప్పింది. చాంద్రమాన సంవత్సరం చివరి నెలలో వెళ్ళి గొట్టం వేయించుకుంది. తోంగ్ పిన్ని లెక్కపెట్టింది. ఆడ అని వచ్చింది. అమ్మ అప్పటికప్పుడే తీయించుకునేదేమో కానీ నాయనమ్మ ఒప్పుకోలేదు. కొత్త సంవత్సరం గుమ్మంలో ఉంది, మొదటి నెలలో ఇంట్లో రక్తం చిందకూడదు, ఏడాదంతా అదే చిందుతుంది అని పట్టుబట్టింది. మా వైపు మొదటి నెలలో కొందరు జుట్టు కూడా కత్తిరించుకోరు. పండగకు ముందు కొన్నాళ్ళు, పండగ తర్వాత నెలంతా, ఆ పైన అమ్మ షిఫ్టు కుదరక ఇంకొన్నాళ్ళు. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఐదో నెల దగ్గరపడింది. గొట్టంతో లాగి కడుపు తీసే దశ దాటిపోయింది. మందు ఎక్కించి, నొప్పులు తెప్పించి, కాన్పు చేసినట్టే చేశారు.

పీడా పోయిందని నాయనమ్మ అంది. అమ్మ వారం పడుకుని లేచి క్రేన్ ఎక్కింది. ఆ మే నెలలో తోంగ్ పిన్నికి ఆదర్శ కార్మికురాలని ఎర్ర అక్షరాలున్న ఎనామిల్ మగ్గు ఇచ్చారు.

రెండేళ్ళకు అమ్మకు మళ్ళీ కడుపు వచ్చింది. ఇదే చివరిదని వీధి కమిటీ ఆవిడ ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళింది. అమ్మ మళ్ళీ గొట్టం వేయించుకుని, నంబరు చీటీ వంటింట్లో పిన్ని ముందు పెట్టింది. అనుమానం ఉంటే మళ్ళీ పలక తీయించవచ్చు కదా అని పిన్ని అడిగితే, రెండోసారి గొట్టం పెడితే కడుపే పోవచ్చని డాక్టర్ హే చెప్పింది. ఆ విభాగానికి పెద్ద ఆవిడే. అప్పుడు అమ్మ అన్న మాట పిన్నికి చివరిదాకా గుర్తుంది.

"నమ్మకంగా చెప్పలేకపోతే అదైనా చెప్పెయ్ అక్కా, రేపే తీయించుకుంటా. ఇంకో ఆడపిల్లని మొయ్యడం నా వల్ల కాదు."

మూడో రోజు పిన్ని మగపిల్లాడని చెప్పింది. నాన్న వ్యాగన్ల షాపులో అందరికీ సిగరెట్లు పంచాడు, జ్యన్‌గాంగ్ అని పేరు కూడా ప్రకటించేశాడు. నాయనమ్మ బాలింతకు పెట్టడానికి ఎర్ర చక్కెర, గుడ్లు పోగుచేసి పెట్టింది. తీరా చూస్తే నేను పుట్టాను. నాకు వేరే పేరు వెతికే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

నాన్న ఆస్పత్రికి వెళ్ళి నానా రభస చేశాడు. షాపు నుంచి పది మందిని వెంటబెట్టుకుని మూడు రోజులు నడవాలో కూర్చున్నాడు. చివరికి డాక్టర్ హే, తప్పంతా లెక్కపెట్టిన మనిషిదే అని తేల్చింది. తోంగ్ పిన్ని చేత అందరి ముందూ తప్పు ఒప్పుకుంటూ కాగితం చదివించారు. తెల్లకోటు విప్పించి, కింద దుప్పట్లు ఉడకబెట్టే గదికి పంపారు. ఆ గదిలో ఆవిరిలో, చాకలి సోడా నీళ్ళలో ఇరవై ఏళ్ళు చేసి రిటైరైంది. వెంట్రుకవాసి పగులు పట్టిన కళ్ళు నలభై ఐదేళ్ళకే మసకబారాయి. నేను పుట్టిన ఏడాదే క్యాబేజీ జాడీ రెండయింది. అమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది. ఒకే పొయ్యిగట్టు మీద పక్కపక్కన నిలబడి ముప్ఫై ఏళ్ళు మాటల్లేకుండా వండుకోవడం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

నాతో మాత్రం పిన్ని మాట్లాడేది. బొగ్గుల్లో చిలగడదుంప కాల్చి నా జేబులో వేసేది. ఆ గుడ్డిదాని దగ్గరికి ఎందుకు పోతావని అమ్మ తిట్టేది. ప్రతి ఏడూ పండగకు పిండి రేకుల్లో కూర పెట్టి డంప్లింగులు మడుస్తూ వచ్చినవాళ్ళకు ఆ కథ చెప్పేది. మొదటిసారి ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయి, ఆ ఆడపిల్లను చక్కగా పట్టేసింది, రెండోసారికే గుడ్డిదైపోయింది అని. వాళ్ళు నవ్వేవాళ్ళు. పిండి ఒత్తుతూ నేనూ అక్కడే కూర్చునేదాన్ని. లెక్క తప్పి పుట్టినదాన్నని నాకు నడక కంటే ముందు తెలిసిందని నా అనుమానం.

2005 వసంతంలో తోంగ్ పిన్ని పొట్టలో పుండు ముదిరి మంచం పట్టింది. కొడుకు దక్షిణాన ఎక్కడో ఉన్నాడు, వారానికోసారి ఫోను చేసేవాడు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో నా పని అయిపోగానే జొన్న జావ పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళేదాన్ని. నాలుగు చెంచాలు తాగి చాలనేది. ఒకరోజు జావ పక్కకు నెట్టి, నీకొక సంగతి చెప్పాలి అంది.

అమ్మ ఆ మొదటిసారి తీయించుకున్నది ఆడపిల్ల కాదు. తీసేసిన ప్రతి పిండాన్నీ, ముందు చెప్పింది నిజమో కాదో సరిచూడటానికి పిన్ని గదికే పంపేవాళ్ళట. మామూలుగా అది కూడా మైక్రోస్కోపు పనే. ఆ రోజు మైక్రోస్కోపు అవసరం పడలేదు. నర్సు తెచ్చిన గిన్నె మీది గుడ్డ తీయగానే కనిపించింది. ఐదో నెల బిడ్డ కదా. అమ్మ చూసిందా అని అడిగితే, లేదు, మత్తులో ఉంది, కళ్ళు తెరవలేదు అందట నర్సు. పిన్ని గిన్నె పట్టుకుని డాక్టర్ హే దగ్గరికి పరుగెత్తింది. వందలో ఐదో ఆరో తప్పు పోతాయి, రాసుకో, ఇంటికి మాత్రం చెప్పకు అని ఆవిడ చెప్పింది. పిన్ని రిజిస్టరులో ఆ నంబరు ఎదుట తప్పు అని రాసి సాయంత్రం ఇంటికొచ్చి, వంటింట్లో అమ్మ కోసం కోడి పులుసు పెట్టింది. రెండు నెలలకు మగ్గు ఇచ్చారు.

మరి నన్ను కావాలనే మగపిల్లాడని చెప్పావా, నన్ను బతికించడానికా అని అడిగాను. నిజం చెప్పాలంటే ఆమె అవును అనాలని నాకు ప్రాణం లాగింది.

"లేదే. అంత మంచిదాన్ని కాదు," అంది. "గుత్తులుగానే ఉన్నాయి, చుక్కలు బోలెడున్నాయి. నువ్వు ఆడపిల్లవని పలక చెబుతూనే ఉంది. కానీ నేను చుక్కల్ని నమ్మడం మానేశా. ఇవి కూడా ఫెంగ్‌షియావే, లోపల ఆ పిల్లాడే మళ్ళీ వచ్చాడు అనుకున్నా. తీసుకున్నది తిరిగి ఇచ్చేద్దామనుకున్నా."

అంటే నన్ను కాచింది కూడా నా కోసం కాదు. ఇంటికి నడిచి వెళ్తూ ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ఇంకొకటి కూడా తట్టింది. ఇంటిల్లిపాదికీ బిడ్డను లేకుండా చేసిన తప్పుకు ఆమెకు మగ్గు ఇచ్చారు, బిడ్డ బతికి బట్టకట్టిన తప్పుకు దుప్పట్లు ఉతికించారు.

మర్నాడు పిన్ని నా చెయ్యి పట్టుకుని, మీ అమ్మను ఒక్కసారి తీసుకురా, చెప్పి పోతాను, ఇది మోసుకుని పోలేను అంది. ఒప్పుకున్నాను. మంచి మనసుతో ఒప్పుకున్నానని మాత్రం అనను. ముప్ఫై పండగలు ఆ కథ విన్నదాన్ని. నువ్వు చేజేతులా తీయించుకుంది నీ కొడుకునే అని తెలిసిన క్షణంలో అమ్మ మొహం ఎలా మారుతుందో చూడాలని నాకుంది. ఇంత పాడు కోరిక నాలో ఉందని అప్పటిదాకా నాకూ తెలియదు.

ఆమె పోతోంది, ఒకసారి చూడు అన్నాను. అమ్మ రాదనుకున్నాను. లేచి కోటు వేసుకుంది.

వార్డులో పిన్ని అమ్మను చూసి లేవబోయింది, చేతకాలేదు. అమ్మ మంచం పక్క స్టూలు మీద కూర్చుంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత మొదటి మాట ఎవరు అంటారా అని నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. పిన్ని పెదవులు కదిలాయి. ఆమె కన్నా ముందు అమ్మే మాట్లాడింది.

"అక్కా, ఒక్క మాట అడుగుతా, చెప్పు. ఆ మొదటిది ఆడపిల్లేగా?"

తోంగ్ పిన్ని నా వైపు చూసింది. చెప్పేయమని నేను తల కూడా ఊపాను, దేవుడు నన్ను క్షమిస్తాడో లేదో. ఆమె తల తిప్పి అమ్మను చూసింది.

"ఆడపిల్లే ఫెంగ్‌షియా. తర్వాత గిన్నెలోనూ చూశా. ఆడపిల్లే."

అమ్మ తల ఊపింది. దుప్పటి అంచు ఆమె భుజం కిందికి దోపి, నీ కళ్ళు మంచివి అక్కా, వీళ్ళే నిన్ను దుప్పట్ల గదికి పంపి పాడుచేశారు అంది. నాన్న చేసిన రభస పేరు ఎత్తలేదు. కాసేపు చెయ్యి పట్టుకుని కూర్చుంది. మళ్ళీ వస్తానంది కానీ, మళ్ళీ రావాల్సిన అవసరం రాలేదు. పిన్ని నాలుగు రోజుల్లో పోయింది.

వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో నాకు కోపం ఆగడం లేదు. ఇంత దూరం వచ్చి, ఇన్నాళ్ళు మోసి, చివర్లో అబద్ధం చెప్పింది పిన్ని. చెప్పేద్దామని అమ్మ వైపు తిరిగాను. ఆమె అద్దంలోంచి ఫ్యాక్టరీ గోడ చూస్తోంది.

"మగపిల్లాడే," అంది అమ్మ. "నర్సు గిన్నె నా కాళ్ళ దగ్గర పెట్టి గుడ్డ కోసం వెళ్ళింది. లేచి చూశా. నర్సు వచ్చేసరికి కళ్ళు మూసుకున్నా."

తర్వాత మెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఇంట్లో తెలిస్తే తప్పు డాక్టరుదీ గొట్టానిదీ అనరు, తీయించుకున్నదానిదే అంటారు. ఇంటి కొడుకును చంపిందని నాయనమ్మ బతికినన్నాళ్ళూ అంటుంది. అందుకే ఆడపిల్ల, ఆడపిల్ల అని అందరికీ చెప్పింది, అడగనివాళ్ళకూ చెప్పింది, ప్రతి పండగకూ చెప్పింది. షూఛిన్ అక్కకు తెలుసునని ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం కోడి పులుసు పెట్టేటప్పుడు ఆమె తన మొహంలోకి చూడకపోవడంతో తెలిసింది. నేను పుట్టినప్పుడు నాన్నను ఆస్పత్రి మీదికి ఎగదోసింది అమ్మే. నీ పేరు చెప్పి ఆ పోయినవాడి కోసం పగ తీర్చుకున్నాను అంది. కానీ ఆడపిల్లే అన్న మాట ఒక్కసారైనా ఆవిడ నోట వినకపోతే తనకు చావు కూడా సరిగ్గా రాదని ఇన్నాళ్ళూ అనుకుందట. ఆవిడ అంది. చాలు. అక్కకు ఇవేవీ చెప్పొద్దు, నన్ను కాపాడాననుకుంటూ పోనీ అని నా దగ్గర మాట తీసుకుంది.

వాళ్ళిద్దరూ పంచుకున్న ముప్ఫై ఏళ్ళ పగలోనూ, ఒకరినొకరు కాచుకున్న ఈ అబద్ధంలోనూ నాకోసం ఎక్కడైనా కొంచెం చోటుందేమోనని వెతుక్కున్నాను. బస్సు రెండు స్టాపులు దాటింది.

"మరి నేనమ్మా?" అన్నాను.

అమ్మ నా వైపు తిరిగి, నిజంగానే ఆలోచించి చెప్పింది.

"నీ వైపు చూసే తీరిక మాకెవరికీ లేకపోయిందే."